ఏరేటోళ్లు ఏరీ?



మా భైంసాలో ఇంటర్వ్యూ అన్న మాట వింటే పత్రికో రేడియోనో గుర్తుకు రాదు. హైదరాబాదు నానక్‌రాంగూడలోని అమెరికా కాన్సులేటు గుర్తుకొస్తుంది. "పిల్లగాని ఇంటర్వ్యూ ఎన్నడు?" అని అడిగితే వీసా ఇంటర్వ్యూ అనే అర్థం. రెండేళ్ల కిందట మా గల్లీలోని పత్తి రైతు కొడుకొకడు ఆ ఇంటర్వ్యూకు పోయే ముందురోజు రాత్రి మా ఇంటికి వచ్చాడు. నేను బడిలో అతనికి సాంఘికశాస్త్రం చెప్పినవాణ్ణి. "సార్, మీరు ఆఫీసరు లెక్క అడగుండ్రి, నేను చెప్త" అన్నాడు. ఎందుకు పోతున్నవు, ఫీజు ఎవరు కడతరు, చదువైనంక ఏం చేస్తవు అని అడిగాను. మూడో ప్రశ్న దగ్గర పిల్లవాడి గొంతు తడారిపోయింది. వాకిట్లో కూర్చున్న తండ్రి లేచి లోపలికి వచ్చి, మళ్లీ బయటికి పోయాడు. మూడెకరాల రేగడి కుదువబెట్టి తెచ్చిన అప్పు ఆ మూడో ప్రశ్నకు చెప్పే జవాబు మీదే ఆధారపడి ఉంది. తెల్లారి కిటికీ ముందు రెండు నిమిషాల్లో పని అయిపోయింది. వీసా వచ్చింది.

ఆ రాత్రి నన్ను పట్టుకున్న ఆలోచన ఇంకా వదలలేదు. అమెరికాకూ మనకూ నడుమ జరిగే ఇంటర్వ్యూ ఇదొక్కటే అయిపోయింది. వాళ్లు అడుగుతారు, మనం చెబుతాం. మనం అడిగేదేమైనా ఉందా? ఉంటే ఎవరిని అడగాలి, ఏమని అడగాలి? ఈ పూట మీతో మాట్లాడదలచుకున్నది ఆ సంగతే.

రాత్రి టీవీ పెడితే అమెరికా మీద చర్చలకు కొదవలేదు. ఒక పక్క విశ్లేషకుడు, ఇంకో పక్క అక్కడ స్థిరపడిన మన తెలుగాయన. ఎవరు గెలుస్తారు, వీసాలేమైతాయి అన్న రెండు ప్రశ్నల చుట్టే గంట తిరుగుతుంది. 2025 సెప్టెంబరు 19న కొత్త హెచ్‌-1బి దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము అని ప్రకటన వచ్చినప్పుడు పిల్లల్ని పంపిన ఇళ్లలో ఆ రాత్రి ఎవరూ నిద్రపోలేదు. ఆ భయాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను. కానీ మా ముధోల్ తాలూకాలో అమెరికాకు పిల్లల్ని పంపని ఇళ్లే ఎక్కువ. ఆ ఇళ్లకు కూడా అమెరికా వస్తుంది. పత్తి ధరలో వస్తుంది.

కార్తీకమాసంలో ఒక పొద్దున జిన్నింగు మిల్లు గేటు ముందు నిలబడ్డాను. భోకర్ రోడ్డు మీద బొలెరోలు, ట్రాక్టర్లు వరుస కట్టి ఉన్నాయి. కొందరు రాత్రే వచ్చి బండి మీదే పడుకున్నారు. మంచు పడి పైపొర చెమ్మగిల్లిందేమోనని ఒకాయన తాటిపత్రి తీసి దూదిని దోసిళ్లతో తిరగేస్తున్నాడు. తేమ 8 శాతం ఉంటే నిండు మద్దతు ధర. పొడుగు పింజ రకానికి 2025-26లో అది క్వింటాలుకు 8,110 రూపాయలు. ఆపైన ఒక్కో శాతానికీ ఒక్కో శాతం కోత. 12 దాటిందంటే కొనరు, బండి తిప్పుకొని ప్రైవేటుకు పోవాల్సిందే. గేటు దగ్గర మనిషి మీటరు పుల్లను దూదిలో గుచ్చినప్పుడు చుట్టూ ఉన్నవాళ్లంతా మాట ఆపి ఆ చిన్న అద్దం వైపే చూస్తారు. డాక్టరు నాడి పట్టినప్పుడు ఇంటిల్లిపాదీ చూసినట్టు.

ఆ వరుసలో ఉన్న పెద్దమనిషి ఒకాయన నన్ను చూసి దగ్గరికి పిలిచాడు. "సార్, ట్రంపు సుంకమేసిండు అంటున్నరు గద. మన మీదేసిండా, వాళ్ల మీదనే వాళ్లు ఏసుకున్నరా?" అని అడిగాడు. నేను ఆగిపోయాను. నెలల తరబడి నేను చూసిన చర్చల్లో ఇంత సూటిగా ఎవరూ అడగలేదు.

నాకు తెలిసినంత చెప్పాను. 2025 ఆగస్టు 7 నుంచి మన సరుకు మీద 25 శాతం, ఆగస్టు 27 నుంచి ఇంకో 25, మొత్తం 50 శాతం అయింది. ఆ డబ్బును అమెరికా రేవులో కట్టేది అక్కడ సరుకు దించుకునే వ్యాపారి. కట్టినవాడు ఊరుకోడు. కొంత తన జనం మీద వేస్తాడు, కొంత తిరుప్పూరులో బట్టలు కుట్టి పంపేవాళ్లను ధర తగ్గించమంటాడు. తిరుప్పూరువాడు నూలు మిల్లును తగ్గించమంటాడు, నూలు మిల్లు జిన్నింగు సేటును తగ్గించమంటుంది, సేటు ఈ బండి దగ్గరికి వస్తాడు. ఈ గొలుసు ఒక దెబ్బ. రెండో దెబ్బ మన ఇంట్లోనుంచే తగిలింది. బట్టల మిల్లులకు ఊరటగా ఉండాలని మన ప్రభుత్వం బయటి పత్తి మీద ఉన్న 11 శాతం దిగుమతి సుంకాన్ని ఆగస్టు 19 నుంచి ఎత్తేసింది. మొదట సెప్టెంబరు 30 దాకా అన్నారు, తర్వాత డిసెంబరు 31 దాకా పొడిగించారు. మన రైతు పత్తి ఏరి అమ్ముకునే నెలలు సరిగ్గా అవే.

ఆయన అంతా విని, "అయితే వాళ్ల పత్తోనికి ఎంతొస్తది?" అన్నాడు.

దీనికి జవాబు నా దగ్గర లేదు. ఇంటికి పోయి వెతికాను. దొరికినదాన్ని మీకూ చెప్పాలి. 2025 జులై 4న అమెరికా అధ్యక్షుడు సంతకం చేసిన పెద్ద చట్టం ఒకటుంది. పన్నుల తగ్గింపు గురించే అందరూ మాట్లాడారు. అందులో వ్యవసాయం భాగం కూడా ఉంది. గింజ తీయని పత్తికి ఆధార ధరను పౌనుకు 36.7 సెంట్ల నుంచి 42 సెంట్లకు పెంచారు. కాగితం తీసుకొని మన కిలోల్లోకి, మన రూపాయల్లోకి మార్చి చూశాను. క్వింటాలుకు 8,000 రూపాయల చుట్టుపక్కల వచ్చింది. తప్పు చేశానేమోనని మళ్లీ వేశాను. అంతే వచ్చింది. అక్కడి సర్కారు రాసుకున్న ధర, ఇక్కడి సర్కారు రాసుకున్న ధర దాదాపు ఒక్కటే!

తేడా అంతా ఆ ధర చేతికందే తీరులో ఉంది. అక్కడ ఏడాది సగటు ధర ఆ ఆధార ధర కిందికి పడిపోతే, తగ్గిన మేరకు సర్కారే చెల్లిస్తుంది. లెక్కలో ఉన్న భూమిలో 85 శాతానికి కట్టి ఇస్తారు. సరుకు ఎవరికమ్మాడు, తేమ ఎంతుంది అన్న అడుగుడే లేదు. ఇక్కడ మీటరు పుల్ల దాటాలి, యాప్‌లో పేరుండాలి, పట్టా పాసుబుక్కు ఉండాలి. పాసుబుక్కు దగ్గర కౌలు రైతు పడిపోతాడు. ఎవరి పేరు మీదనో అమ్మి, ఎవరి ఖాతాలోనో పడ్డ డబ్బు కోసం వాళ్ల గడప ముందు నిలబడతాడు.

పత్తి నడుమ నుంచి అమెరికాను చూస్తే అది కొత్తగా పరిచయమైన దేశంలా అనిపించదు. మనం రోజుకు పదిసార్లు అనే జిన్నింగు అన్న మాట వింటే అక్కడి యంత్రమే గుర్తుకొస్తుంది. ఎలీ విట్నీ అనే అతను 1793లో గింజ తీసే యంత్రం చేశాడు. ఇంజన్ అన్న మాటను ఇంగ్లీషులో అప్పటికే కురచ చేసి జిన్ అనేవాళ్లు. చేతులతో గింజ ఒలిచే కష్టం తప్పింది కనుక కూలీల బతుకు తేలికైందనుకుంటాం. అక్కడ తిరగబడింది. గింజ తీయడం సులువయ్యేసరికి దొరలు ఇంకా ఇంకా భూమిలో పత్తి పెట్టారు, ఏరడానికి ఇంకా ఇంకా మనుషుల్ని కొన్నారు. 1790లో ఏడు లక్షలున్న బానిసలు 1860 నాటికి నలభై లక్షలకు దగ్గరయ్యారు. 1861లో అక్కడ అంతర్యుద్ధం మొదలై రేవులు మూసుకుపోతే ఇంగ్లండు మిల్లులకు దూది కరువైంది. అప్పుడు వాళ్ల కళ్లు మన పెన్‌గంగ అవతలి బేరారు మీద పడ్డాయి. 1853లోనే నిజాం దగ్గరి నుంచి కంపెనీవాళ్లు తమ చేతిలోకి తీసుకున్న నేల అది. యుద్ధమున్నన్నాళ్లూ పత్తి బంగారమైంది. 1865లో యుద్ధం ఆగిపోయింది, ధర కూలిపోయింది, జొన్న వదిలి పత్తి పెట్టినవాడి మీద అప్పు మాత్రం మిగిలింది. అమెరికాలో రాజకీయం మారితే మన దిక్కు పత్తి ధర మారడం అన్నది 2025లో పుట్టిన సంగతి కాదు.

గావరాని అని మా దేశవాళీ పత్తి ఒకటుండేది. నాందేడు, పర్భణీ, ఆదిలాబాదు నల్లరేగళ్లలో వానకే పండేది. ఇప్పుడు మా చేలల్లో ఉన్నది దాదాపు అంతా అమెరికన్ జాతి మొక్క. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చినంక అందులోని జన్యువు కూడా అక్కడి కంపెనీదే. విత్తనం అక్కడిది, యంత్రం అక్కడిది, ధర అక్కడి గాలికి ఊగుతుంది. ఇంత చుట్టరికం ఉన్నప్పుడు మనం వాళ్లను వీసా సంగతి ఒక్కటే అడగడం నాకు బాధగా ఉంటుంది.

ఎవరిని అడగాలి? నాయకుల్ని అడిగేవాళ్లు చాలామందే ఉన్నారు. అమెరికాలోనే చేలో వంగినవాళ్లను అడిగినవాళ్లు కొందరున్నారు. నా దృష్టిలో ఆ దేశం చేసిన గొప్ప ఇంటర్వ్యూలు అవే. 1930లలో అక్కడ మహామాంద్యం వచ్చి రాసేవాళ్లకు పని లేకుండా పోతే, సర్కారు వాళ్లకు జీతమిచ్చి ఊళ్ల మీదికి పంపింది. 1936 నుంచి 1938 దాకా వాళ్లు, బానిసలుగా పుట్టి ఇంకా బతికున్న 2,300 మందికి పైగా ముసలివాళ్లను కలిసి వాళ్ల మాటలు రాసుకున్నారు.

అందులో ఒక సంగతి అడిగే పని చేసే ప్రతివాడూ మనసులో పెట్టుకోవాలి. 1937లో చార్లెస్టన్ నగరంలో సుసాన్ హామ్లిన్ అనే ముసలమ్మను ఇద్దరు వేర్వేరుగా కలిశారు. ఒకామె తెల్లావిడ. ఆమె పింఛను ఇప్పించే ఆఫీసు మనిషేమో అనుకుంది ముసలమ్మ. మా దొర మంచోడు, మాకు బాగానే జరిగింది అని చెప్పింది. ఇంకొకతను నల్లవాడు. అతని దగ్గర అదే ముసలమ్మ కొరడా దెబ్బల గురించి, తల్లుల నుంచి బిడ్డల్ని విడదీసి అమ్మడం గురించి చెప్పింది. మనిషి ఒక్కతే, బతుకు ఒక్కటే. అడిగినవాళ్లు మారితే కథ మారింది.

మన దగ్గర చూడండి. జీపు దిగిన ఆఫీసరు "పంట ఎట్లుంది?" అంటే "బాగుంది సార్" అంటాడు రైతు. అదే రైతు సాయంత్రం చాయ్ హోటల్లో, మరాఠీ, ఉర్దూ, తెలుగు కలిసిపోయిన మా భైంసా మాటలో, కాయకు కాయ లెక్క చెప్పి నష్టం ఎంతో తేలుస్తాడు. ఇంటర్వ్యూ చేయాల్సింది ఆ హోటల్లో, ఆ మాటలో.

1941 ఆగస్టులో మిసిసిపీ రాష్ట్రంలో స్టోవాల్ అనే పత్తి జాగీరుకు అలన్ లోమాక్స్, జాన్ వర్క్ అనే ఇద్దరు రికార్డింగు యంత్రం వేసుకొని పోయారు. ట్రాక్టరు నడిపే ఒక కూలీ పాడుతాడని విని అతని గుడిసెలోనే యంత్రం పెట్టారు. పాట అయినంక ఇది ఎప్పుడు కట్టావు, అప్పుడు ఏం చేస్తున్నావు అని అడిగారు. కారు చక్రానికి పంక్చరు వేస్తుండగా పాట వచ్చిందని అతను చెప్పాడు. ఆ ప్రశ్న నాకు ఎంతో నచ్చుతుంది. నీ గురువెవరు, నీ శైలి ఏమిటి అని కాకుండా, అప్పుడు నీ చేతులు ఏం చేస్తున్నాయి అని అడిగినట్టుంది. తన గొంతు యంత్రంలో విన్నాక అతనికి ధైర్యం వచ్చింది. 1943లో షికాగో రైలెక్కాడు. లోకం అతన్ని మడ్డీ వాటర్స్ అన్న పేరుతో ఎరుగుతుంది. ఈనాటి అమెరికా సంగీతంలో సగం అటువంటి పత్తి చేలలోనే మొలిచింది.

ఆ షికాగోలోనే స్టడ్స్ టెర్కెల్ అనే రేడియో మనిషి 1952 నుంచి 1997 దాకా, నలభై అయిదేళ్లు, ఒకే స్టేషన్లో జనంతో మాట్లాడాడు. పెద్దపెద్దవాళ్లనూ పిలిచాడు. కానీ అతన్ని చిరకాలం నిలబెట్టింది 1974లో వచ్చిన 'వర్కింగ్' అనే పుస్తకం. అందులో హోటల్లో వడ్డించే ఆమె, చెత్త ఎత్తే అతను, ఉక్కు ఫ్యాక్టరీ కూలీ తమ పని గురించి తామే చెప్పుకుంటారు. ఒకసారి ఒక పేద తల్లితో మాట్లాడి, టేపు వెనక్కి తిప్పి వినిపిస్తే ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకుందట. నాకు ఇట్లా అనిపిస్తున్నదని నాకే ఇన్నాళ్లు తెలవలేదు అన్న అర్థం వచ్చేట్టు ఏదో అన్నదని టెర్కెల్ చెప్పుకునేవాడు. రేడియో ముందు కూర్చున్న నాకు ఇంతకంటే పెద్ద విషయం కనిపించదు.

సర్కారును అడిగినవాళ్ల సంగతి కూడా కొంచెం చెప్పాలి. 1933లో పత్తి ధర పడిపోయిందని రూజ్‌వెల్ట్ ప్రభుత్వం చేలో నిలబడ్డ పంటనే దున్నించింది. కోటి ఎకరాలకు పైగా దున్నేశారు. పరిహారం చాలావరకు భూస్వామి చేతికే పోయింది, కౌలుదారును ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు. 1934లో ఆర్కన్సాస్‌లో నల్ల కౌలుదార్లు, తెల్ల కౌలుదార్లు ఒకే సంఘం కట్టి మా వాటా ఏదీ అని అడిగారు. అన్నం కూడా కలిసి తినని ఆ నేలలో అది ఎంత సాహసమో మా ప్రాంతపువాళ్లకు నేను విడమరిచి చెప్పనక్కరలేదు. 2003లో ఆఫ్రికాలోని మాలి, బుర్కినా ఫాసో దేశాల అధ్యక్షులు, మీరు మీ పత్తికిచ్చే సబ్సిడీ మా రైతు గొంతు నొక్కుతున్నదని న్యూయార్కు పత్రికలోనే రాశారు. బ్రెజిల్ ప్రపంచ వాణిజ్య సంస్థలో కేసు వేసి గెలిచింది. 2014లో ఆ తగాదా తెంచుకోవడానికి అమెరికా 30 కోట్ల డాలర్లు ఇచ్చింది. గట్టిగా అడిగినందుకు బ్రెజిల్‌కు అది దొరికింది.

మళ్లీ మా గల్లీ పిల్లవాడి దగ్గరికి వస్తాను. అతను చదువుతున్నది టెక్సస్ రాష్ట్రంలోని లబ్బాక్‌లో, టెక్సస్ టెక్ విశ్వవిద్యాలయంలో. అమెరికాలో పత్తి ఎక్కువ పండే రాష్ట్రం టెక్సస్. లబ్బాక్ ఊరు దాటితే కనుచూపు మేరా పత్తి చేలే. ఏడాదిన్నర నుంచి అక్కడుండి, మన పంటే ఇక్కడుందని ఒక్కనాడూ చెప్పలేదు. అడిగితే, "చెప్పేదేముంది సార్, మీరెవరూ అడగలేదు గద" అన్నాడు. వీసా వచ్చిందా, పార్ట్‌టైం దొరికిందా, అప్పు ఎప్పుడు తీరుతది అని అడిగాం అంతే. పోయిన నెల ఒక ఫొటో పంపమన్నాను. పంపాడు. ఆకు రాలిపోయి తెల్లగా విచ్చుకున్న చేను. నడుమ ఇల్లంత యంత్రం. దాని వెనక పసుపు ప్లాస్టిక్ చుట్టిన గుండ్రటి దూది మూటలు, ఒక్కొక్కటి మనిషంత ఎత్తు, వరుసగా అటు చివరి దాకా.

ఆ ఫొటో మొన్న చేలో చూపించాను. ఏరుడుకు వచ్చిన ఆడవాళ్లు మధ్యాహ్నం చెట్టు కింద సద్ది విప్పారు. కొంగును ఒడిగా కట్టుకొని, వేళ్ల కొసలకు కాయ పెచ్చులు గీరుకుపోయి, రక్తం కనబడకుండా గుడ్డపేలిక చుట్టుకున్న చేతులు. కిలోకు ఇంత అని కూలి. అందులో పెద్దామె ఒకామె ఫోను తన చేతిలోకి తీసుకొని, దూరం పెట్టి, దగ్గర పెట్టి చూసింది. "ఏరేటోళ్లు ఏరీ?" అంది.

అక్కడ మిషనే ఏరుతదమ్మా అన్నాను. మిసిసిపీలో క్లార్క్స్‌డేల్ దగ్గర 1944 అక్టోబరు 2న మందిని పిలిచి పత్తి ఏరే యంత్రాలను చూపించారు. మడ్డీ వాటర్స్ పనిచేసిన జాగీరు దాపునే. చేత్తో ఏరిస్తే బేలుకు 39 డాలర్ల పైన పడేది, యంత్రానికి 5 డాలర్ల చిల్లర. ఆ తర్వాతి పాతికేళ్లలో ఆ చేలు వదిలి లక్షల మంది నల్లవాళ్లు షికాగో, డెట్రాయిటు పట్టణాలకు పోయారు. నేను చెబుతున్నంతసేపూ ఆమె ఫోను నాకు తిరిగి ఇవ్వలేదు. "పోయినోళ్లకు ఆడ పని దొరికిందా? ఆ ఊర్లె పత్తి లేదు గద. అందరికి దొరికిందా?" అని అడిగింది. కొందరికి దొరికింది, కొన్నాళ్లు దొరికింది అని మాత్రం చెప్పగలిగాను.

ఆ రాత్రి లబ్బాక్‌కు ఫోను చేశాను. నువ్వు ఒక ఆదివారం పోయి అక్కడి పత్తి రైతుతో మాట్లాడాలి బిడ్డా, ఫోన్లో రికార్డు చెయ్యి, ఆయన మాట ఆయన ఇంగ్లీషులోనే ఉండనీ, తెలుగు నేను చేసి వినిపిస్తా అన్నాను. ఒప్పుకున్నాడు. ప్రశ్నలు రాసుకొమ్మన్నాను. మిల్లు గేటు దగ్గర పెద్దమనిషి అడిగింది రాసుకున్నాడు: నీ చేతికి ఎంతొస్తది? కౌలు రైతు తరఫున ఒకటి: భూమి నీదేనా, ఆధార ధర డబ్బు నీ ఖాతాలో పడుతదా, భూమిగలాయన ఖాతాలోనా? సుంకాలు పెట్టినంక మీ దూది కొనేవాళ్లు పెరిగిండ్రా, తగ్గిండ్రా? నీ కొడుకు వ్యవసాయం చేస్తనంటున్నడా? ఇది నేను చేర్చింది.

చెట్టు కింద పెద్దామె ప్రశ్నను మొదట రాసుకొమ్మని చెప్పాను. మీ తాతల కాలంలో నీ చేలో పత్తి ఏరినోళ్లు ఎవరు, వాళ్ల పిల్లలు ఇప్పుడు ఎక్కడున్నరు? అతను రాసుకొని, నాకు ఒకసారి చదివి వినిపించాడు. ఇంగ్లీషులో ఎట్లా అడగాలో అని రెండు మూడు తీర్లుగా అని చూసుకున్నాడు. వాకిట్లో తండ్రి ఉన్నాడని చెబితే, ఒకసారి ఇవ్వండి సార్ అన్నాడు. ఫోను ఇచ్చాను. ఆయన మిగతాదంతా పక్కన పెట్టి, "ఆడ తేమ ఎట్ల చూస్తరో అది గూడ అడుగు" అన్నాడు.

వచ్చే ఆదివారం పోతానన్నాడు.